ఆబోతు సత్తువ, వీర్యకణాల ప్రోటీన్లు

ఆబోతు నుంచి వీర్యం సేకరించగానే ఒక చుక్కను గాజు పలక మీద వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. కణాలు సుడులు తిరుగుతూ, గాలికి మబ్బులు కదిలినట్టు అలలు అలలుగా పారుతుంటే సరుకు మంచిదని లెక్క. మిల్లీలీటరుకు 100 కోట్ల కణాలు, ఒక విడతకు 5 మిల్లీలీటర్ల వీర్యం వచ్చాయనుకుంటే మొత్తం 500 కోట్ల కణాలు. మన దేశపు ప్రమాణాల ప్రకారం వీర్యం నింపే సన్నని గొట్టాన్ని స్ట్రా అంటారు, ఒక్కో స్ట్రాలో 2 కోట్ల కణాలు ఉండాలి. ఆ లెక్కన ఒక్క విడత వీర్యంతో 250 ఆవులకు కృత్రిమ గర్భధారణ సూది వేయవచ్చు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాచిన స్ట్రాను తీసి కరిగించాక, కణాల్లో కనీసం సగం ముందుకు కదులుతూ ఉండాలన్నది మరో నిబంధన.

ఈ పరీక్షలన్నీ నెగ్గిన ఆబోతుల మధ్య కూడా తేడాలు కనిపిస్తాయి. ఒకదాని వీర్యంతో సూది వేసిన ఆవులు చక్కగా చూడి కడతాయి. మరోదాని వీర్యంతో వేసినవి 21 రోజులకు మళ్లీ పొర్లుతాయి. అప్పుడు రైతు ఆవును అనుమానిస్తాడు, లేదంటే సూది వేసిన గోపాలమిత్రను అనుమానిస్తాడు. స్ట్రా మీద నంబరు తప్ప మరేమీ కనిపించని ఆబోతు మీదికి అనుమానం పోవడం అరుదు. పోయినా తేల్చడం కష్టమే, ఎందుకంటే ఆ లోపం సూక్ష్మదర్శినికి చిక్కేది కాదు. కదలికను అది చూపిస్తుంది, ఆకారాన్ని చూపిస్తుంది. కణం లోపలా పైనా ఉన్న ప్రోటీన్లను చూపించలేదు. ఆబోతు సత్తువలో, అంటే చూలు నిలిపే శక్తిలో, పెద్ద భాగం అక్కడే ఉంది.

వీర్యకణం శరీరంలోని మిగతా కణాల్లాంటిది కాదు. మామూలు కణం తనకు కావలసిన ప్రోటీన్లను ఎప్పటికప్పుడు తయారు చేసుకుంటుంది. వీర్యకణంలో ఆ కార్ఖానా మూతపడి ఉంటుంది. జన్యుపదార్థం గట్టిగా బిగుసుకుపోవడంతో దానిలోని సూచనలను చదివే వీలు ఉండదు. దూర ప్రయాణానికి సద్ది కట్టుకుని బయల్దేరిన బాటసారి లాంటిది ఈ కణం. మూటలో ఉన్నదే తినాలి, లేదా దారిలో ఎవరైనా పెడితే తినాలి. వృషణంలో కట్టిన మూట మొదటిది. దారిలో ఎపిడిడిమిస్ నాళం కొన్ని ప్రోటీన్లు అంటిస్తుంది. స్ఖలన సమయంలో గ్రంథులు మరికొన్ని కలుపుతాయి. ఆ పైన ఆవు గర్భాశయం, అండవాహిక కొన్నిటిని తీసేసి కొన్నిటిని చేరుస్తాయి.

వృషణంలో ఒక వీర్యకణం తయారు కావడానికి సుమారు 61 రోజులు పడుతుంది. ఆ చివరి దశలో కేంద్రకంలో ఒక పెద్ద మార్పిడి జరుగుతుంది. మామూలు కణాల్లో డీఎన్‌ఏ పోగు హిస్టోన్లు అనే ప్రోటీన్ల చుట్టూ వదులుగా చుట్టుకుని ఉంటుంది. వీర్యకణంలో వాటిని చాలా వరకు తొలగించి, ప్రోటమిన్లు అనే చిన్న ప్రోటీన్లు వచ్చి కూర్చుంటాయి. 1874లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో ఫ్రెడరిక్ మీషర్ రైన్ నదిలోని సాల్మన్ చేపల వీర్యంలో ప్రోటమిన్‌ను మొదట గుర్తించాడు. డీఎన్‌ఏను మొదట వేరు చేసినవాడూ ఆయనే. ఆబోతు ప్రోటమిన్‌లో ఉన్నవి 50కి అటూ ఇటూ అమైనో ఆమ్లాలు, వాటిలో దాదాపు సగం ఆర్జినినే. ఆర్జినిన్‌కు ధనావేశం, డీఎన్‌ఏకు రుణావేశం కాబట్టి రెండూ అతుక్కుపోతాయి. గంధకపు బంధాలు ఆ మూటను ఇంకా బిగిస్తాయి. మనిషిలో, ఎలుకలో రెండు రకాల ప్రోటమిన్లు పనిచేస్తాయి, ఆబోతులో భారమంతా మొదటి రకానిదే. ఈ మూట సరిగా బిగియకపోతే దారిలో డీఎన్‌ఏ తెగుతుంది. అలాంటి కణం చక్కగా ఈదుతుంది, అండాన్ని చేరుతుంది, ఫలదీకరణ కూడా జరగవచ్చు. పిండం మాత్రం కొద్ది రోజుల్లోనే ఆగిపోతుంది. వృషణాలు శరీరం కన్నా నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటేనే ఈ పని సవ్యంగా సాగుతుంది. ఎండ దెబ్బ తిన్న ఆబోతు వీర్యంలో లోపం ఆ రోజే బయటపడదు, కొన్ని వారాల తర్వాత బయటపడుతుంది. మే నెల ఎండల ఫలితం వానలు పడ్డాక తెలియడానికి కారణం ఇదే.

వృషణం నుంచి బయటికొచ్చిన కణం ఆకారంలో పూర్తయినా కదలలేదు. పక్కనే చుట్టలు చుట్టుకుని, విప్పితే పదుల మీటర్ల పొడవుండే ఎపిడిడిమిస్ నాళంలో పది రోజులకు అటూ ఇటూ గడిపితేనే దానికి ఈత వస్తుంది. ఈ నాళపు గోడలు సన్నని బుడగలను విడుదల చేస్తాయి. అవి తమలోని ప్రోటీన్లను కణం పైపొరకు అందిస్తాయి. కెనడాలోని లావాల్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ సల్లివాన్ బృందం గుర్తించిన పీ25బీ అలా చేరేదే. సంతాన శక్తి తక్కువగా ఉన్న ఆబోతుల కణాల మీద అది తక్కువగా ఉంది. వీర్యాన్ని గడ్డకట్టించి కరిగిస్తే మంచి ఆబోతు కణాల మీద కూడా దాని మోతాదు తగ్గుతుంది. అదే నాళంలో ఇంకో పనీ జరుగుతుంది. లోపమున్న కణాల మీద యుబిక్విటిన్ అనే ప్రోటీన్ ముద్ర పడుతుంది. పారేయాల్సిన ప్రోటీన్లను గుర్తు పెట్టడానికి శరీరంలోని కణాలన్నీ వాడే ముద్ర ఇది. అమెరికాలోని మిస్సోరీలో పీటర్ సుటోవ్‌స్కీ దీన్ని ఆబోతు వీర్యంలో వివరంగా పరిశీలించాడు. ముద్ర పడిన కణాలు ఎక్కువగా ఉన్న వీర్యం చూలు నిలపడంలో వెనకబడుతుంది.

స్ఖలనమయ్యే క్షణంలో కణాలు ఒక్కసారిగా కొత్త ద్రవంలో పడతాయి. అనుబంధ గ్రంథులు స్రవించే ఈ వీర్య ద్రవం కణాలను మోసుకుపోయే నీరు మాత్రమేనని ఒకప్పుడు అనుకునేవారు. అందులోని ప్రోటీన్లలో దాదాపు సగం ఒకే కుటుంబానివి. వాటి పని వీర్యకణాన్ని పట్టుకోవడం కనుక బైండర్ ప్రోటీన్లు అన్న పేరు వచ్చింది. మాంట్రియాల్ విశ్వవిద్యాలయంలో పుట్టస్వామి మంజునాథ్ దశాబ్దాల తరబడి వీటి మీదే పనిచేశాడు. ఈ కుటుంబంలో అన్నిటికన్నా ఎక్కువగా దొరికేది పీడీసీ-109. అందులోని అమైనో ఆమ్లాలు 109. హైదరాబాదు విశ్వవిద్యాలయ రసాయన శాస్త్ర విభాగంలో ముస్తి జె. స్వామి బృందం అది కొవ్వు పొరలకు ఎలా అతుక్కుంటుందో చాలా ఏళ్లు శోధించింది. తోటి ప్రోటీన్లు ఉండకట్టి పాడవకుండా కాపాడే గుణం కూడా దానికి ఉందని 2010లో చూపింది.

వీర్యకణం పైపొర కోలిన్ ఉన్న ఫాస్ఫోలిపిడ్లతో, కొలెస్ట్రాల్‌తో కట్టిన గోడ. బైండర్ ప్రోటీన్లు ఆ ఫాస్ఫోలిపిడ్లను పట్టుకుంటాయి, కొలెస్ట్రాల్‌లో కొంత బయటికి లాగేస్తాయి. గోడ కాస్త వదులవుతుంది. ముందు ముందు అండంతో కలవాలంటే ఈ వదులు కావాల్సిందే. సహజంగా దాటినప్పుడు కణాలు త్వరలోనే ఈ ద్రవాన్ని వదిలి ముందుకు ఈదిపోతాయి కాబట్టి ప్రోటీన్ తన పని చేసి ఊరుకుంటుంది. సీసాలో పట్టిన వీర్యం సంగతి అలా కాదు. అక్కడ కణాలు గంటల తరబడి అదే ద్రవంలో నానుతాయి. ప్రోటీన్ కొలెస్ట్రాల్‌ను లాగుతూనే ఉంటుంది. గోడ పల్చబడి చలికి, గడ్డకట్టే బాధకు తట్టుకోలేకపోతుంది. ఒకే ప్రోటీన్ కొద్ది నిమిషాలు ఉంటే మేలు, చాలాసేపు ఉంటే కీడు. ఫలానా ప్రోటీన్ మంచిది, ఫలానాది చెడ్డదని విడదీసే జాబితాలు పశు పునరుత్పత్తిలో పెద్దగా నిలవకపోవడానికి కారణం ఇక్కడుంది. ఎంత ఉంది, ఎంతసేపు ఉంది అన్నదే అసలు ప్రశ్న.

కోడిగుడ్డు సొన కథ దీనికి మంచి ఉదాహరణ. 1940లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పాల్ ఫిలిప్స్, హెన్రీ లార్డీ ఆబోతు వీర్యంలో పచ్చసొన కలిపితే కణాలు చల్లదనంలో రోజుల తరబడి బతుకుతున్నాయని ప్రకటించారు. వ్యాసం పేరులోనే దానికి ఆహారం అనే అర్థమిచ్చే మాట వాడారు. అంతకు ముందటి ఏడు, 1939లో, మైసూరు రాజభవన పాడిక్షేత్రంలో సంపత్ కుమారన్ మన దేశంలో కృత్రిమ గర్భధారణకు నాంది పలికాడు. 1949లో లండన్‌లో క్రిస్టఫర్ పోల్జ్, ఆడ్రీ స్మిత్, అలన్ పార్క్స్ గ్లిజరాల్ కలిపితే కోడిపుంజు వీర్యకణాలు గడ్డకట్టి కూడా బతుకుతాయని కనిపెట్టారు. కొద్దికాలంలోనే అది ఆబోతు వీర్యానికీ పనికొచ్చింది. నేటికీ మన వీర్య కేంద్రాల్లో బాగా అలవాటైన ద్రావణం ట్రిస్, గుడ్డు సొన, గ్లిజరాల్ కలిపినదే. సొన ఎందుకు పనిచేస్తుందో తేలడానికి మాత్రం ఆరు దశాబ్దాలు దాటింది. సొనలోని తక్కువ సాంద్రత లైపోప్రోటీన్లు, అంటే రక్త పరీక్ష చీటీల్లో ఎల్‌డీఎల్ పేరుతో కనిపించే జాతివే, బైండర్ ప్రోటీన్లను పట్టి తమ దగ్గరే బంధిస్తాయని మంజునాథ్ బృందం 2004 ప్రాంతంలో చూపింది. కణం గోడను అరగదీసే చేతులను సొన కట్టేస్తుందన్నమాట. పాలతో తయారయ్యే ద్రావణాల్లో ఈ పనిని కేసీన్ చేస్తుంది. పాలు విరిగితే పేరుకునే ఆ ప్రోటీనే.

ఈ కథలో హైదరాబాదుకు ఇంకో పాత్ర ఉంది. అక్కడి సీసీఎంబీ పరిశోధన సంస్థ వ్యవస్థాపకుడు పుష్ప మిత్ర భార్గవ, ఇ.ఎస్.పి. రెడ్డి కలిసి ఆబోతు వీర్య ద్రవంలో బ్యాక్టీరియాను అణచే ప్రోటీన్‌ను కనుగొన్నారు. దానికి సెమినల్‌ప్లాస్మిన్ అని పేరు పెట్టి 1979లో నేచర్ పత్రికలో ప్రకటించారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే విస్కాన్సిన్‌లో గుడ్డు సొన లార్డీయే తన బృందంతో వీర్య ద్రవంలో మరో పదార్థాన్ని వెతుకుతున్నాడు. వీర్యకణంలోకి కాల్షియం చొరబడకుండా ఆపే ఆ ప్రోటీన్‌కు ఆయన కాల్ట్రిన్ అని పేరు పెట్టాడు. ఒకరు సూక్ష్మజీవుల వైపు నుంచి, ఇంకొకరు కాల్షియం వైపు నుంచి వచ్చి ఒకే తలుపు తట్టారు. రెండూ ఒకే ప్రోటీన్ అని 1986లో హైదరాబాదు శాస్త్రవేత్తలే నిరూపించారు. దానిలోని అమైనో ఆమ్లాలు 47 మాత్రమే. కాల్షియాన్ని ఆపడం ఎందుకు ముఖ్యమంటే, వీర్యకణం తల మీద ఆక్రోసోమ్ అనే టోపీ లాంటి సంచి ఉంటుంది. అందులో అండం పొరలను కరిగించే ఎంజైములు ఉంటాయి. కాల్షియం లోపలికి వస్తే ఆ సంచి పగులుతుంది. అండం దగ్గర పగలాల్సింది దారిలోనే పగిలితే ఆ కణం ఇక పనికిరాదు.

ఆవు శరీరంలో చేరిన కోట్ల కణాల్లో అండవాహిక దాకా వెళ్లేవి కొన్ని వేలే. అవి అక్కడి కింది భాగపు గోడలకు తలలు ఆనించి అతుక్కుని ఆగుతాయి. అలా అతుక్కోవడంలో పనిచేసేవి కూడా బైండర్ ప్రోటీన్లే. అవి గోడ కణాల మీది అనెక్సిన్లు అనే ప్రోటీన్లను పట్టుకుంటాయని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో సుసాన్ సువారెజ్ బృందం చెప్పింది. అతుక్కున్న కణం నిలకడగా, ఎక్కువసేపు బతుకుతుంది. ఆవు ఎద మొదలైన 24 నుంచి 30 గంటలకు అండం విడుదలవుతుంది. విడుదలయ్యాక దాని ఆయువు కొద్ది గంటలే. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాటి ఉదయం సూది వేయించాలన్న నియమం ఈ లెక్క మీదే నిలిచింది. అతుక్కునే శక్తి లేని కణాలు అండం వచ్చే లోపే చెదిరిపోతాయి.

అండం దగ్గర పడేసరికి కణంలో మరో మార్పు రావాలి. అప్పుడే స్ఖలించిన వీర్యకణం అండాన్ని ఫలదీకరించలేదని, ఆడ జీవి శరీరంలో కొంతసేపు గడపాలని 1951లో ఆస్ట్రేలియాలో కోలిన్ ఆస్టిన్, అమెరికాలో ఎం.సి. చాంగ్ వేర్వేరుగా కనుగొన్నారు. ఆవులో ఈ మార్పుకు అండవాహికలోని హెపారిన్ లాంటి చక్కెర గొలుసులు దోహదం చేస్తాయి. పొర నుంచి కొలెస్ట్రాల్ ఇంకా కొంత పోతుంది, కాల్షియం లోపలికి వస్తుంది, తోక కొరడాలా విసురుగా ఆడుతుంది. ఇంతసేపూ మూసి ఉంచిన తలుపులు తెరుచుకునే వేళ ఇది.

చివరికి కణం అండాన్ని తాకినప్పుడు రెండు పొరలు ఒకటవ్వాలి. ఆ పనికి కణం వైపున్న ముఖ్య ప్రోటీన్‌ను జపాన్‌లో ఒసాకా విశ్వవిద్యాలయంలో మసారు ఒకాబే బృందం 2005లో కనిపెట్టి ఇజుమో అని పేరు పెట్టింది. ఇజుమో అంటే పెళ్లిళ్లు కుదిర్చే దేవుడున్న ఆలయం. అండం వైపున దాని జోడీ 2014లో ఇంగ్లండులో దొరికింది. దానికి రోమన్ల వివాహ దేవత జూనో పేరు పెట్టారు. ఒక శాస్త్రంలో రెండు దేశాల పెళ్లి దేవతలు ఇలా ఎదురెదురుగా నిలవడం అరుదే. ఈ పరిశోధనలు చాలా వరకు ఎలుకల మీద జరిగినవే. ఆబోతు విషయంలో మాత్రం ప్రకృతే ఒక ప్రయోగం చేసి పెట్టింది.

జర్మనీ, ఆస్ట్రియాల్లో పాలకూ మాంసానికీ పెంచే ఫ్లెక్‌వీ అనే జాతి ఉంది. ఆ జాతిలో కొన్ని ఆబోతుల వీర్యం అన్ని పరీక్షల్లోనూ నిక్షేపంగా ఉండేది. కణాల సంఖ్యకు లోటు లేదు, కదలిక బాగుంది, ఆకారంలో వంక లేదు. సూది వేసిన ఆవుల్లో మాత్రం నూటికి రెండు కూడా చూడి కట్టేవి కావు. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో హుబర్ట్ పాష్, సహచరులు వాటి జన్యువులను వెతికి 2014లో కారణం ప్రకటించారు. 19వ క్రోమోసోమ్ మీద టీఎమ్ఈఎమ్95 అనే జన్యువులో ఒక్క అక్షరం మారడంతో ప్రోటీన్ తయారీ మధ్యలోనే ఆగిపోతోంది. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు లోపపు ప్రతులు వచ్చిన ఆబోతులోనే ఈ కష్టం. ఒక్క ప్రతి ఉన్నది మామూలుగానే ఉంటుంది కాబట్టి లోపం తరాల తరబడి దాగి సాగింది. అప్పటికి ఆ ప్రోటీన్ ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. ఎలుకల మీద జరిగిన పరిశోధనల్లో 2020 నాటికి తేలింది: వీర్యకణం అండపు పొరతో కలవడానికి ఇజుమోతో పాటు అదీ కావాలి. మందలో మొదట కనిపించిన లోపమే ఎలుకల ప్రయోగశాలకు దారి చూపింది.

అలాంటి ఆబోతు స్ట్రాలో 2 కోట్లకు బదులు 10 కోట్ల కణాలు నింపినా ఫలితం ఉండదు. అమెరికాలోని వర్జీనియా టెక్‌కు చెందిన రిచర్డ్ సాకీ వీర్యపు లోపాలను రెండుగా విడదీశాడు. కణాలు అండం దాకా చేరలేకపోవడం మొదటి రకం, మోతాదు పెంచి దాన్ని పూడ్చుకోవచ్చు. చేరాక పని చేయలేకపోవడం రెండో రకం, దాన్ని మోతాదు పూడ్చదు. వదులైన ప్రోటమిన్ మూట ఈ రెండో కోవదే. అండాన్ని నిద్రలేపే ఎంజైము లోపించడమూ అంతే. పీఎల్‌సీ జీటా అనే ఆ ఎంజైమును 2002లో వేల్స్‌లోని కార్డిఫ్‌లో గుర్తించారు. అండంలో కాల్షియాన్ని కెరటాలు కెరటాలుగా లేపి, ఆగిపోయిన కణ విభజనను మళ్లీ నడిపించేది అదే.

ప్రోటీన్లను చూసి ఆబోతు సత్తువను ముందే చెప్పవచ్చా అన్న ప్రయత్నం 1990ల్లో ఊపందుకుంది. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో గ్యారీ కిలియన్ బృందం 1993లో హోల్‌స్టీన్ ఆబోతుల వీర్య ద్రవంలో నాలుగు ప్రోటీన్లను పట్టింది. సత్తువ గల ఆబోతుల్లో రెండు ఎక్కువ, తక్కువ సత్తువ ఉన్నవాటిలో మిగతా రెండు ఎక్కువ. మొదటి జతలో ఒకటి ఆస్టియోపాంటిన్ అని తర్వాత తేలింది. అది ఎముకల్లో మొదట దొరికిన ప్రోటీన్. ఇంకొకటి మెదడులో నిద్రకు సంబంధించిన పదార్థాన్ని తయారుచేసే ఎంజైము. ఎముక ప్రోటీన్, నిద్ర ఎంజైము ఆబోతు వీర్యంలో ఏం చేస్తున్నాయని ఆశ్చర్యపోనక్కరలేదు, శరీరం ఒక పనిముట్టును పలుచోట్ల వాడుకుంటుంది. అరిజోనాలో రాయ్ ఆక్స్ బృందం హెపారిన్‌ను పట్టుకునే ఒక ప్రోటీన్‌ను వీర్యకణాల పైపొరలో గుర్తించింది. బీళ్లలో మందతో వదిలిన ఆబోతుల్లో అది ఉన్నవి, లేనివాటి కన్నా సుమారు 16 శాతం పాయింట్లు ఎక్కువగా ఆవులను చూడి చేశాయి.

అయినా ఇప్పటికీ వీర్య కేంద్రాల్లో ఆబోతు సత్తువను ఏ ఒక్క ప్రోటీన్ పరీక్షతోనూ తేల్చడం లేదు. మాస్ స్పెక్ట్రోమీటర్లు వచ్చాక ఒక్క వీర్యకణంలోనే వేల రకాల ప్రోటీన్లు లెక్కకు వచ్చాయి. ఒక జాతిలో సూచికగా నిలిచినది మరో జాతిలో నిలవకపోవచ్చు. పైగా చూలు నిలవడంలో ఆవు ఆరోగ్యం, మేత, ఎండ, ఎదను గుర్తించిన వేళ, సూది వేసిన చేయి కూడా భాగస్వాములు. ఆబోతు వాటాను విడదీయాలంటే దానితో వేసిన వందల, వేల సూదుల ఫలితాలు కావాలి. అమెరికాలో వ్యవసాయ శాఖ 2008 నుంచి ఆబోతుల చూడి శాతాన్ని లెక్కగట్టి ప్రకటిస్తోంది. టీఎమ్ఈఎమ్95 లాంటి లోపాలకు జన్యు పరీక్ష చేస్తే దూడగా ఉండగానే సంగతి తెలుస్తుంది, ఆ దూడను వీర్య కేంద్రానికి ఎంపిక చేయకుండా ఆపవచ్చు.

తెలుగు రాష్ట్రాల పాడిలో గేదెలది పెద్ద వాటా. నంద్యాల, కరీంనగర్ కేంద్రాల నుంచి వెళ్లే స్ట్రాలలో ముర్రా దున్నల వీర్యం కూడా ఉంటుంది. దున్న వీర్యకణాలు ఆబోతు కణాల కన్నా గడ్డకట్టించడాన్ని తక్కువగా తట్టుకుంటాయి. వాటి పైపొర కొవ్వుల కూర్పు వేరు, బైండర్ ప్రోటీన్లు మాత్రం అక్కడా ఉన్నాయి. ఒక జాతి ఆబోతుకు సరిపోయిన సొన పాళ్లు దున్నకు అలాగే సరిపోతాయని అనుకోవడానికి లేదు. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ, హిసార్‌లోని కేంద్ర గేదెల పరిశోధన సంస్థ దున్న వీర్యకణాల ప్రోటీన్ల మీద పనిచేస్తున్నాయి. ప్రయోగశాలలో దొరికిన ప్రోటీన్ నిజంగా సత్తువకు గుర్తా కాదా అన్నది తేలేది పల్లెల్లోనే. స్ట్రా మీది ఆబోతు నంబరు, పశువు చెవి బిళ్ల మీది 12 అంకెలు, ఈనిన తేదీ ఒకే పుస్తకంలో పక్కపక్కన చేరితేనే ఆ లెక్క కుదురుతుంది.